మా మిల్లు తవుడికి డాకింగ్ చేయించాను: ద్వారకానగర్ మూడో అంతస్తు సర్వీసు గురించి

ఐదుకి మూడున్నర ఇస్తున్నాను. డాకింగ్ అంటే ఒక అణువు ఒక ప్రోటీన్ గుంటలో ఎంత బాగా ఇరుక్కుంటుందో కంప్యూటర్లో అతికించి చూడడం. మిగతా ఒకటిన్నర ఎక్కడ పోయిందో చెప్పాలంటే ముందు తవుడు సంగతి చెప్పాలి.

మా అన్నయ్యకి చోడవరం దగ్గర రైసు మిల్లుంది. క్వింటాలు వడ్లు ఆడితే 20 కిలోల దాకా ఊక, 8 కిలోల దాకా తవుడు దిగుతుంది. తవుడు నూనె ఫ్యాక్టరీ లారీ ఎక్కుతుంది, నూనె తీసేశాక మిగిలిన పిప్పి పశువుల దాణాకీ చేపల మేతకీ పోతుంది. నేను విశాఖలో డిగ్రీ పిల్లలకి కెమిస్ట్రీ చెప్తాను. ఫైనలియర్ ప్రాజెక్టుకి ఏదో ఒకటి కావాలి కదా, మనింటి తవుడే చూద్దామనుకున్నాం. అందులో ఉంటాయని తెలిసిన యాంటీఆక్సిడెంట్లని ముందు కంప్యూటర్లో జల్లెడ పట్టి, నిలిచినవాటినే ల్యాబులో పరీక్షిద్దామని ఆలోచన. మా ల్యాబు కంప్యూటర్లు ప్రింటు తీయమంటేనే మొరాయిస్తాయి. అందుకని కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య ‘ఇన్‌సిలికో ప్రాజెక్టులు చేయబడును’ (అంటే కంప్యూటర్లో చేసే ప్రయోగాలు) అన్న చిన్న బోర్డు కనిపిస్తే మెట్లెక్కాను. పేరు రాయను. ఇద్దరు కుర్రాళ్లు, మూడు కంప్యూటర్లు, పనిచేయని లిఫ్టు.

బేరం 6,500 దగ్గర తెగింది, గడువు పది రోజులు. 25 పదార్థాల పట్టిక మేమే ఇచ్చాం: ఫెరులిక్, పి-కౌమారిక్, కెఫియిక్, సినాపిక్ ఆమ్లాలు, ట్రైసిన్, టోకోఫెరాల్స్, టోకోట్రైయినాల్స్, ఒరైజనాల్, ఇంకా కొన్ని. వాళ్లు పబ్‌కెమ్ అనే ఆన్‌లైన్ ఖజానా నుంచి అణువుల నిర్మాణాలు దింపుకుని, ఆటోడాక్ వీనా అనే డాకింగ్ సాఫ్ట్‌వేరుతో కీప్1 అనే ప్రోటీన్‌కి అతికించి చూశారు. ఒంట్లో ఎన్‌ఆర్‌ఎఫ్2 అనే ప్రోటీన్‌ని కదలనీకుండా పట్టుకుని, ముక్కలవడానికి పంపేది ఈ కీప్1. ఆ పట్టు సడలితే ఎన్‌ఆర్‌ఎఫ్2 కేంద్రకంలోకి వెళ్లి, రక్షణ ఎంజైముల జన్యువుల్ని నిద్రలేపుతుంది. కాబట్టి కీప్1 గుంటలో ఏ అణువు బాగా ఇరుక్కుంటుందో చూడడంలో తప్పేమీ లేదు. వీనా, పబ్‌కెమ్ రెండూ ఉచితమే. మనం డబ్బులిచ్చేది ఆ కుర్రాళ్ల చేతిపనికి. అంత పెట్టాలా అంటే, రాత్రంతా కూర్చుని పైథాన్ ఎర్రర్లతో కుస్తీ పట్టే ఓపిక నాకు లేదు, పెట్టాలి.

ఎనిమిదో రోజుకే రిపోర్టిచ్చారు. రంగురంగుల బొమ్మలు, లామినేషన్ అట్ట, చూడముచ్చటగా ఉంది. మొదటి పేజీ తిప్పగానే నా ప్రశ్న ఒకటే: “బాబూ, స్ఫటికంలో ముందే ఉన్న మందు అణువుని బయటికి తీసి, మళ్లీ అక్కడే పెట్టి చూశారా?” ప్రోటీన్ ఆకారాన్ని దాని స్ఫటికంలోంచి తీసుకుంటారు, ఆ స్ఫటికంలో గుంటలో ఒక మందు అణువు ముందే ఇరుక్కుని ఉంది. సాఫ్ట్‌వేరు దాన్ని దాని పాత చోట్లోనే కూర్చోబెట్టలేకపోతే, మన తవుడు అణువుల గురించి అది చెప్పేది నమ్మడమెలా? కుర్రాడు తల గోక్కున్నాడు. “చేయలేదు మేడమ్, ఇప్పుడు చేసి చూపిస్తాను, కూర్చోండి” అన్నాడు. మధ్యలో ఓసారి కరెంటు పోయింది, యూపీఎస్ కీచుకీచుమంది. అరగంటలో అయిపోయింది. పాత భంగిమకీ కొత్తదానికీ తేడా 2 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపే వచ్చింది, దాన్ని బాగానే ఉన్నట్టు లెక్క. తెలియనప్పుడు బుకాయించకుండా కూర్చుని చేసి చూపించాడే, మూడు మార్కులు అక్కడే పడ్డాయి.

ఇక కోతలు. వాళ్ల పట్టికలో పైన కూర్చున్నది ఒరైజనాల్. అసలు ఒరైజనాల్ ఒక్క అణువు కాదు. 1954లో జపాన్‌లో తవుడు నూనె నుంచి మొదటిసారి వేరుచేసినప్పుడు ఒక్కటే పదార్థం అనుకున్నారు, అందుకే ఆ ఒక్క పేరు. తర్వాత తేలిందేమిటంటే, స్టెరాళ్లకీ ట్రైటెర్పీన్ ఆల్కహాళ్లకీ ఫెరులిక్ ఆమ్లం తగిలించుకున్న ఎస్టర్ల గుంపు అది. వీళ్లు ఆ గుంపులోంచి సైక్లోఆర్టెనిల్ ఫెరులేట్ ఒక్కదాన్నే డాక్ చేసి, పేరు మాత్రం ఒరైజనాల్ అని వేశారు. దాని అణుభారం 603, ఫెరులిక్ ఆమ్లానిది 194. వీనా స్కోరు పెద్ద అణువులవైపు మొగ్గుతుంది, తగిలే చోట్లు ఎక్కువ కదా. లారీ ముందు సైకిలు పెట్టి బరువు తూచినట్టుంది ఆ పోటీ. పైగా వాళ్లే స్విస్‌ఎడిఎంఇలో (అణువు మందుగా పనికొస్తుందో లేదో అంచనా వేసే వెబ్‌సైటు) వేసి ఇచ్చిన మరో పేజీలో ఆ అణువు 500 అణుభారం హద్దు దాటిందని ఎర్రగా ఉంది. ఏడో పేజీలో మొదటి ర్యాంకు, పదకొండో పేజీలో ఫెయిల్, రెండూ ఒకే అట్ట కింద!

నన్ను ఎక్కువగా తొలిచింది ఇది కాదు. మా పిల్లలు ల్యాబులో చేసేది డీపీపీహెచ్ పరీక్ష. ఊదారంగు ద్రావణంలో నమూనా పోస్తే, అందులోని అణువు హైడ్రోజన్ ఇచ్చేకొద్దీ రంగు విరిగి పసుపుకి తిరుగుతుంది, 517 నానోమీటర్ల దగ్గర కొలుస్తాం. ఆ బీకరులో కీప్1 ఎక్కడుంది? ప్రోటీనే లేదు. గుంటలో ఎవరు బాగా ఇరుక్కుంటారన్న లెక్కతో, ఎవరు హైడ్రోజన్ చులాగ్గా వదులుతారో ఎలా తెలుస్తుంది? తెలియదు. దానికి వేరే లెక్కుంది: ఓ-హెచ్ బంధం తెంచడానికి ఎంత శక్తి కావాలో క్వాంటమ్ పద్ధతిలో గణించడం. అది చేసిపెట్టమంటే ఇంకో 1,500 అడిగారు. సరే అన్నాను. మూడు అణువులకి మూడు రాత్రులు నడిచింది వాళ్ల కంప్యూటరు. పక్కపక్కనే రెండు ఓహెచ్‌లున్న కెఫియిక్‌కి అన్నిటికన్నా తక్కువ శక్తి, మెథాక్సీ ఉన్న ఫెరులిక్‌కి దాని తర్వాత, ఒంటి ఓహెచ్ పి-కౌమారిక్‌కి అందరికన్నా ఎక్కువ.

మా ల్యాబులో సీసాలోంచి తీసిన శుద్ధ ఆమ్లాలతో చూస్తే అదే వరస. కెఫియిక్ పోసిన క్యువెట్ మా వాళ్లు మూత పెట్టేలోపే పసుపెక్కింది. పి-కౌమారిక్‌ది ఊదాగానే కూర్చుంది, ఒక పిల్లయితే “మేడమ్, ఇందులో పోయడం మర్చిపోయానేమో” అని కంగారుపడింది. ఆ 1,500 నాకు గిట్టుబాటు.

తవుడు దగ్గర మాత్రం కంప్యూటరు చేసేదేమీ లేకపోయింది. మొదటిసారి అన్నయ్య ప్లాస్టిక్ కవరులో కట్టి శనివారం బస్సులో పంపాడు. సోమవారం విప్పితే ముక్కిన వాసన. పాలిష్ పట్టిన క్షణం నుంచి తవుడులోని లైపేజ్ అనే ఎంజైము నూనెని విరగ్గొట్టడం మొదలుపెడుతుంది, విశాఖ ఉక్కలో ఇంక చెప్పాలా. రెండోసారి మిల్లు దగ్గరే వదిన కట్టెల పొయ్యి మీద మూకుడు పెట్టి, కమ్మటి వాసన వచ్చేదాకా కలుపుతూ వేయించింది. అది నిలిచింది. అందులోంచి మిథనాల్‌తో తీస్తే ఫెరులిక్ ఇంతంటే ఇంతే. చాలా భాగం తవుడు పీచులోని అరబినోజైలాన్‌కి అంటుకుని ఉంటుంది, క్షారంతో విడగొడితేగానీ బయటికి రాదు. రిపోర్టులో ఈ ఊసే లేదు. అందుకు వాళ్లననను, అణువు బొమ్మకి తవుడు తెలియదు కదా.

అన్నయ్య ఫోన్లో అడిగాడు: “ఏటంతందే మన తవుడు? రేటేమైనా పెరుగుద్దా?” పెరగదన్నాను.

వెళ్లాలనుకునేవాళ్లకి: డబ్బు కట్టేముందే ఇన్‌పుట్ ఫైళ్లు, గ్రిడ్ బాక్సు (ప్రోటీన్‌లో అణువుని వెతికి పెట్టిన చోటు) కొలతలు కూడా ఇవ్వాలని కాగితం మీద రాయించుకోండి. నాకు అడిగాక ఇచ్చారు గానీ, వాళ్లంతట వాళ్లు ఇవ్వరు. మధ్యాహ్నం రెండు దాటాక వెళ్తే మేలు, పొద్దున పూట ఆ సందులో కోచింగు పిల్లల బళ్ల మధ్య నడవడానికి కూడా చోటుండదు.

నా లెక్కలో ఇంకా వెయ్యి బాకీ ఉంది. పద్నాలుగో పేజీలో ‘ఈ తవుడు క్యాన్సర్‌ను నివారించును’ అని వేశారు. ఎక్కడిదీ వాక్యం అంటే, “అన్ని రిపోర్టుల్లోనూ ఉంటుంది మేడమ్, టెంప్లేటు” అన్నాడు. అది తీసేసి పంపమన్నాను, పంపిన రోజే వెయ్యీ వేస్తానన్నాను. చోడి (రాగి) పొట్టు నమూనా కూడా సంచిలో రెడీగా ఉంది, పేజీ కోసం చూస్తున్నాను.