ఆటోనగర్‌లో బీఎస్-6 డీజిల్ కార్లకు ఒక షెడ్డు

వాహనాల పొగకు పరిమితులు పెట్టే బీఎస్-6 నిబంధనలు 2020 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చాక కొన్న డీజిల్ కార్లలో చాలావాటికి ఇప్పుడు వారంటీ ముగిసింది. అసలు ఖర్చు మొదలయ్యేది ఇక్కడి నుంచే. విజయవాడ ఆటోనగర్‌లో, లారీ బాడీలు కట్టే షెడ్ల వరుస దాటాక ఉన్న ఒక చిన్న మల్టీబ్రాండ్ షెడ్డు గురించి ఈ సమీక్ష.

మా కారులో డీపీఎఫ్ (డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్) హెచ్చరిక లైటు పదేపదే వెలిగేది. పొగలోని మసిని పట్టి ఉంచే ఈ ఫిల్టర్, దాన్ని దాదాపు 600 డిగ్రీల వేడిలో తనంతట తానే కాల్చుకోవాలి. బెంజ్ సర్కిల్, ఏలూరు రోడ్డు రద్దీలో ఆగుతూ కదులుతూ తిరిగే బండికి ఆ వేడి అందదు కనుక, ఊళ్లోనే నడిచే డీజిల్ కార్లకు ఈ బాధ సహజమే. మా బండి మాత్రం తరచూ హైవే మీద గుంటూరు వెళ్లి వస్తుంది. ఆ సంగతి అడగకుండానే కంపెనీ సర్వీస్ సెంటర్ వారు బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్‌లో వచ్చిన లోపం కోడ్ చూసి, ఫిల్టర్ మొత్తం మార్చాలంటూ లక్ష దాటిన ఎస్టిమేట్ చేతిలో పెట్టారు.

ఆటోనగర్ మెకానిక్ కూడా స్కానర్ పెట్టారు గానీ, కోడ్ దగ్గర ఆగలేదు. ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం ఆన్ చేసి, ఫిల్టర్‌కు ముందూ వెనుకా ఉండే పీడనంలో తేడా ఎంత చూపిస్తోందో గమనించారు. పొగే లేనప్పుడు ఆ తేడా సున్నా ఉండాలి, అయినా తెర మీది అంకె కిందికి దిగలేదు. ఆ తేడాను కొలిచే సెన్సర్‌కు వెళ్లే రెండు రబ్బరు గొట్టాలు ఊడదీసినా అదే అంకె! దాంతో లోపం ఫిల్టర్‌ది కాదని, సెన్సర్‌దేనని తేలిపోయింది. సెన్సర్ మార్చి, స్కానర్‌తోనే ఆదేశం ఇచ్చి ఫిల్టర్‌లోని మసిని కాల్చి ఇచ్చారు. ఖర్చు కొన్ని వేలతో సరిపోయింది, లైటు మళ్లీ వెలగలేదు.

ఆయన పట్టుబట్టి చెప్పిన మరో మాట ఇంజన్ ఆయిల్ గురించి. మసి కాలిపోతుంది గానీ ఆయిల్ వల్ల చేరే బూడిద కాలదు, అది ఫిల్టర్‌లోనే పేరుకుపోతుంది. అందుకే చౌకగా దొరికిందని ఏదో ఒక ఆయిల్ పోయకుండా, మాన్యువల్‌లో చెప్పిన బూడిద తక్కువ రకమే వాడాలి. ఆయిల్ అమ్ముకోవడానికి చెప్పే మాట కాదిది, డబ్బా మనల్నే తెచ్చుకోమన్నారు.

లోపాలు లేకపోలేదు. అడిగితే తప్ప జీఎస్టీ బిల్లు రాయరు, కచ్చా కాగితం చేతిలో పెడతారు. తర్వాత కారు అమ్మేటప్పుడు సర్వీస్ చరిత్ర చూపించాలనుకునేవారు బిల్లు అడిగి తీసుకోవాలి. కూర్చోవడానికి ఒక బల్ల ఉంది, మే నెల ఎండలో దాని మీద కూర్చోవడం కష్టమే. ముందు అద్దానికి కెమెరా ఉన్న కార్లకు అద్దం మార్చాక చేయవలసిన క్యాలిబ్రేషన్ (కెమెరా చూపును సరిచేయడం) ఇక్కడ జరగదు, కంపెనీ సాఫ్ట్‌వేర్ తాళం వేసిన కొత్త మోడళ్లలో కొన్ని పనులూ కావు. అలాంటివాటిని బండి విప్పకముందే తిప్పి పంపేస్తారు. ఆదివారం సెలవు కాబట్టి, శనివారం సాయంత్రం ఇచ్చిన కారు సోమవారం దాకా రాదనుకునే వెళ్లాలి.