పైడిభీమవరంలో ఉద్యోగం ఇప్పిస్తామంటే డబ్బు కట్టే ముందు ఇది చదవండి

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో డిగ్రీ, డిప్లొమా, ఐటీఐ అయిపోయి ఉద్యోగం కోసం తిరుగుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, వాళ్ల అమ్మానాన్నలకు ఇది రాస్తున్నాను. ఉద్యోగం ఇప్పిస్తామన్న ఒక కన్సల్టెన్సీకి నేను 28,000 రూపాయలు కట్టి మోసపోయాను. నా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏడు నెలలు వాళ్ల బీరువాలో ఉండిపోయాయి. ఇంకొకరికి ఇలా జరగకూడదు.

మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. 2024లో బీఎస్సీ కెమిస్ట్రీ పూర్తయింది. మా వైపు కెమిస్ట్రీ చదివినవాళ్ల చూపంతా పైడిభీమవరం మీదే. రణస్థలం మండలంలో హైవే పక్కన వరసగా మందుల కంపెనీలు, సాయంత్రమైతే జంక్షన్‌లో షిఫ్ట్ బస్సులు. ఆరు నెలలు తిరిగినా ఏదీ దొరకలేదు. ఆ టెన్షన్‌లో ఉండగా విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర కరెంటు స్తంభానికి అంటించిన కాగితం కనబడింది. ఫార్మా కంపెనీలో కెమిస్ట్ ఉద్యోగం, జీతం 18,000, ఫ్రెషర్లకు అవకాశం, కింద ఫోన్ నంబరు.

మేడమీద రెండు గదుల ఆఫీసు. గోడ నిండా పాస్‌పోర్టు ఫోటోలు, అవన్నీ తాము ఉద్యోగాలు ఇప్పించినవాళ్లవేనని చెప్పారు. ఇంటర్వ్యూ ఐదు నిమిషాలు కూడా సాగలేదు. కెమిస్ట్రీలో ఒక్క ప్రశ్నా అడగలేదు. ఏ ఊరు, నాన్నగారు ఏం చేస్తారు, డబ్బు ఎప్పటికి సర్దుతావు, ఇవే అడిగారు. ముందు 3,000 ఫోన్‌పేలో కట్టమన్నారు. ఆ నంబరు ఆఫీసు పేరు మీద లేదు, ఎవరిదో మనిషి పేరు మీద ఉంది. అక్కడే వెనక్కి వచ్చేయాల్సింది. తర్వాతి 25,000 నగదు. అమ్మ డ్వాక్రా గ్రూపులో లోను తీసి ఇచ్చింది.

ఒరిజినల్స్ ఇచ్చి వెళ్లు, వెరిఫికేషన్ అవగానే ఇచ్చేస్తాం అన్నారు. పదో తరగతి మెమో నుంచి డిగ్రీ ప్రొవిజనల్ దాకా ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి, మీద స్కెచ్ పెన్నుతో నంబరు వేసి, బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆ బీరువాలో అలాంటి కవర్లు ఇంకా చాలా ఉన్నాయి. ఒరిజినల్స్ చూపించండి, చూసిన వెంటనే తిరిగి తీసుకోండి, జిరాక్సులు ఇచ్చి రండి. అవి చేతిలో లేకపోతే వేరే ఇంటర్వ్యూకి పోలేరు, గట్టిగా ఒక మాట అడగడానికీ భయపడతారు. వాళ్లు అవి దగ్గర పెట్టుకునేది అందుకే.

ఇప్పుడు ఆ రసీదు గురించి చెప్పాలి. డబ్బు కట్టిన రోజు మడిచి పర్సులో పెట్టుకున్నానే గానీ, సరిగ్గా చదవలేదు. అందులో రాసింది ఇదీ: "రిజిస్ట్రేషన్ మరియు గైడెన్స్ ఛార్జీలు. తిరిగి చెల్లించబడవు." అంతే. ఉద్యోగం అనే మాట లేదు. కంపెనీ పేరు లేదు, జీతం లేదు, ఎన్ని రోజుల్లో అన్నది లేదు. వేసిన ముద్రలో పేరు ఒకటి, బయట బోర్డు మీద పేరు ఇంకొకటి. జీఎస్టీ నంబరు లేదు. ఆ నంబరు ఉంటే పదిహేను అక్షరాలు, అంకెలు ఉంటాయి, మన రాష్ట్రంలో తీసుకున్నదైతే 37తో మొదలవుతుంది. జీఎస్టీ పోర్టల్‌లో కొడితే అది ఎవరి పేరు మీద ఉందో రెండు నిమిషాల్లో తెలుస్తుంది. నెలల తర్వాత పోలీస్ స్టేషన్‌లో ఈ రసీదు ఇస్తే ఎస్సై గారు అటూ ఇటూ తిప్పి చూసి అడిగిన మొదటి మాట: "ఇందులో ఉద్యోగం అని ఎక్కడుంది బాబూ?"

ఆ మాటకి నా దగ్గర సమాధానం లేదు. నన్ను కాపాడింది ఒక వాట్సాప్ వాయిస్ మెసేజ్. "మిగతా 25 కట్టేస్తే క్యూసీలో జాయినింగ్ గ్యారంటీ" అని వాళ్లే పంపారు. క్యూసీ అంటే మందుల నాణ్యత పరీక్షించే విభాగం. పొరపాటున కూడా అలాంటివి డిలీట్ చేయకండి.

డిసెంబరులో వాట్సాప్‌లో ఆఫర్ లెటర్ వచ్చింది. పైన కంపెనీ గుర్తు పెద్దగా ఉంది, కింద చిన్న అక్షరాల్లో ఒక కాంట్రాక్టర్ పేరు. హోదా దగ్గర 'ట్రైనీ' అని మాత్రమే రాశారు. నేను పైన ఉన్న గుర్తు చూసి మురిసిపోయాను. జాయినయ్యాక క్యూసీ ల్యాబ్ గుమ్మం కూడా తొక్కనివ్వలేదు. స్టోర్స్ నుంచి ప్రొడక్షన్ బ్లాక్‌కి డ్రమ్ములు తొయ్యడం నా పని. రెండో వారం అనుకుంటా, అక్కడ పదిహేనేళ్లుగా చేస్తున్న ఒక సీనియర్ ఆపరేటర్ నన్ను చూసి, "ఏటి బావు, డిగ్రీ సదివి డ్రమ్ములు తోస్తన్నావు? ఏ రోల్ మీద వొచ్చావో కనుక్కున్నావా?" అన్నాడు. రోల్ అనే మాట ఆ అర్థంలో వినడం నాకదే మొదటిసారి.

కంపెనీ రోల్ అంటే జీతం ఇచ్చేది, పీఎఫ్ కట్టేది కంపెనీయే. కాంట్రాక్ట్ రోల్ అంటే పని కంపెనీలో, మనం మాత్రం కాంట్రాక్టర్ మనుషులం. కాంట్రాక్ట్ రోల్‌లో చేరడం తప్పేం కాదు, నాకు తెలిసినవాళ్లు ఎందరో అలా చేరి పైకొచ్చారు. కానీ అది తెలిసి చేరాలి, దానికి 28,000 కట్టి చేరకూడదు. ఇంటర్వ్యూలో సిగ్గుపడకుండా అడగండి: ఏ రోల్, ఏ డిపార్ట్‌మెంట్, బేసిక్ ఎంత, చేతికి ఎంత. కాగితం మీద రాయించుకోండి. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌ల ప్రకారం అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వడం తప్పనిసరి. కాబట్టి అడిగితే మీరేదో ఎక్కువ మాట్లాడినట్టు కాదు.

18,000 అన్న జీతం 12,500 అయింది. అందులో పీఎఫ్ కింద 1,200, ఈఎస్ఐ కింద 94, బస్సుకి 600 పోగా చేతికి 10,606 వచ్చింది. స్లిప్పు లేదు, సూపర్‌వైజర్ పుస్తకంలో సంతకం మాత్రం పెట్టించుకున్నారు. పీఎఫ్ మన బేసిక్‌లో (నాది 10,000) 12 శాతం, ఈఎస్ఐ మొత్తం జీతంలో 0.75 శాతం, కాబట్టి కోత లెక్క సరిపోయింది. ఆ కోసిన డబ్బు ఎక్కడికి పోయిందన్నదే ప్రశ్న. ఆ ఆపరేటర్ అన్నయ్యే క్యాంటీన్‌లో కూర్చోబెట్టి చెప్పాడు. ప్రతి ఉద్యోగికీ పన్నెండంకెల యూఏఎన్ నంబరు ఉంటుంది, అది అడిగి తీసుకో, ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ చూడు అని. మూడు నెలలకి నా పాస్‌బుక్‌లో సున్నా. నెల జీతంలో కోసిన పీఎఫ్‌ని తర్వాతి నెల 15వ తేదీలోగా కట్టాలి. అంటే ఒక నెల ఆగి చూస్తే చాలు, మూడు నెలలు నాలాగా ఊరుకోనక్కర్లేదు. యూఏఎన్‌కి మీ ఫోన్ నంబరు కలిపి ఉంటే 9966044425కి మిస్డ్ కాల్ ఇచ్చినా వివరాలు మెసేజ్‌లో వస్తాయి.

కోపంతో షిఫ్ట్ ఇన్‌చార్జి మీద అరుద్దామనుకున్నాను. ఆ అన్నయ్య ఆపాడు. ఆయన చెప్పింది నిజం: మోసం చేసింది కన్సల్టెన్సీ, పీఎఫ్ ఎగ్గొట్టింది కాంట్రాక్టర్, షిఫ్ట్ ఇన్‌చార్జికి ఇవేవీ తెలియవు. ఆయనతో గొడవపడితే రేపటి నుంచి నా షిఫ్టులే పాడవుతాయి. కాబట్టి తెల్ల కాగితం మీద తేదీలతో సహా రాసి, కంపెనీ హెచ్‌ఆర్‌కి ఇచ్చి, రెండో కాపీ మీద అందినట్టు సంతకం తీసుకున్నాను. కాంట్రాక్టర్ జీతాలు, పీఎఫ్ ఎగ్గొడితే పని చేయించుకుంటున్న కంపెనీకీ బాధ్యత ఉంటుంది. హెచ్‌ఆర్ మేడమ్ మర్యాదగానే విన్నారు. నెలలోపు 3,600 నా పీఎఫ్ ఖాతాలో, దానికి కాంట్రాక్టర్ వాటా కూడా పడింది. ఆవిడ ఇంకో మాట అన్నారు. వాళ్లు మనుషుల్ని తీసుకోవడానికి ఎవరి దగ్గరా డబ్బు తీసుకోరట, గేటు దగ్గర బోర్డు కూడా ఉందట. బయటికి వచ్చి చూశాను. నిజంగానే ఉంది. మూడు నెలలుగా రోజూ దాని పక్క నుంచే లోపలికి వెళ్తున్నాను.

డ్రమ్ములు తోస్తూనే నేను పని నేర్చుకున్నాను, అది మాత్రం వృథా పోలేదు. ఫార్మాలో కొత్తగా చేరేవాళ్లకి రెండు విషయాలు. చేయని పనికి, చూడని రీడింగ్‌కి ఎంత సీనియర్ చెప్పినా బీఎంఆర్‌లో, అంటే ఒక్కో బ్యాచ్ తయారీ వివరాలు రాసే రికార్డులో, సంతకం పెట్టకండి. తప్పు రాస్తే వైట్‌నర్ వద్దు, దిద్దొద్దు, ఒకే గీత కొట్టి పక్కన సంతకం, తేదీ వేయండి. రెండోది, రిలీవర్ వచ్చి బాధ్యత తీసుకునేదాకా కదలకండి. బస్సు పోయినా పర్వాలేదు. నా మీద నమ్మకం కుదిరింది అక్కడే, తర్వాత నన్ను ప్రొడక్షన్ రికార్డుల పనికి మార్చిందీ అందుకే.

ఒరిజినల్స్ కోసం నాలుగుసార్లు వెళ్తే నాలుగుసార్లూ సార్ లేరన్నారు. మా మామయ్యని తీసుకుని స్టేషన్‌కి వెళ్లి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను. పాత 420 ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 318 అని అక్కడే తెలిసింది. స్టేషన్ నుంచి ఒక్క ఫోన్ వెళ్లింది, మర్నాడే సర్టిఫికెట్లు చేతికొచ్చాయి. డబ్బులో 10,000 తిరిగి ఇచ్చారు. మిగతా 18,000 కోసం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేశాను, నడుస్తోంది. మనం డబ్బు పెట్టి కొన్న సేవ ఇది, కాబట్టి ఆ దారి మనకి ఉంది. 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి అడగొచ్చు. ఫోన్‌పే లాంటి వాటిలో డబ్బు పంపి మోసపోయామని తెలిసిన క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి. అక్కడ గంటలు కూడా లెక్కే.

డబ్బు కట్టనక్కర్లేని దారులు నేను ఆలస్యంగా చూశాను: జిల్లా ఉపాధి కార్యాలయం, నైపుణ్యాభివృద్ధి సంస్థ జాబ్ మేళాలు, కేంద్ర ప్రభుత్వ ఎన్‌సీఎస్ (నేషనల్ కెరీర్ సర్వీస్) పోర్టల్, కంపెనీల వాకిన్ ఇంటర్వ్యూలు. నేను ఇప్పుడు కంపెనీ రోల్‌లో చేస్తున్న ఉద్యోగం ఒక వాకిన్‌లోనే వచ్చింది. ఖర్చు బస్సు ఛార్జీ, జిరాక్సులు మాత్రమే.

మొన్న ఆదివారం మా పిన్ని కొడుకు విజయనగరం నుంచి ఫోన్ చేశాడు. అలాంటి కాగితమే చూసి ఇంకో ఆఫీసుకి వెళ్లాడు, 5,000 అడ్వాన్స్ అడుగుతున్నారు. డబ్బు ఇవ్వకు, ముందు రసీదు మీద కంపెనీ పేరు, ఉద్యోగం, జీతం రాసిస్తారేమో అడుగు, రాస్తే ఫోటో తీసి నాకు పంపు అన్నాను. పది నిమిషాలకి మళ్లీ చేశాడు. అలా రాయడం కుదరదన్నారట. సర్టిఫికెట్ల కవరు చంకలో పెట్టుకుని చీపురుపల్లి బస్సెక్కేశానన్నాడు.