బొలోన్యాలో ఒక సెమిస్టర్: గది, మెస్సు, వైవా

ఫిబ్రవరి మొదటి వారంలో ఇటలీలోని బొలోన్యాలో దిగాను. తరగతులు ఇంకా మొదలు కాలేదు. జాంబోని వీధిలో మా విశ్వవిద్యాలయానికి చెందిన 38వ నంబరు భవనానికి ఊరికే చూద్దామని వెళితే, ఒక గది తలుపు తెరిచి ఉంది. బల్లకు అటువైపు ప్రొఫెసర్, ఇటువైపు ఒక విద్యార్థి, వెనక బెంచీల మీద పది పదిహేను మంది. శీతాకాలం పరీక్షలు జరుగుతున్నాయి. ఇటలీలో చాలా సబ్జెక్టులకు పరీక్ష అంటే వైవానే. అది బహిరంగంగా జరుగుతుంది, ఎవరైనా వెళ్లి కూర్చుని వినవచ్చు. నేను రెండు రోజులు అలా కూర్చున్నాను. నాలుగు మాటల్లో ఒకటి అర్థమైంది. జూన్‌లో ఆ కుర్చీలో కూర్చోవలసింది నేను. గది అయినా, భోజనం అయినా, చదువుకునే చోటు అయినా, నాకు ఎంత ఇటాలియన్ నేర్పుతుందో చూసి ఎంచుకోవాలని అప్పుడే నిర్ణయించుకున్నాను. ఇంగ్లిష్ మాధ్యమంలో మాస్టర్స్ చేయడానికి వచ్చేవారి లెక్క వేరు. ఇటాలియన్‌లో పాఠాలు వినబోయే ఎక్స్ఛేంజ్ విద్యార్థుల కోసం ఇది రాస్తున్నాను.

బొలోన్యా విశ్వవిద్యాలయం 1088లో మొదలైందని చెబుతారు. ఇప్పుడు 80,000కు పైగా విద్యార్థులున్నారు. బొలోన్యాతో పాటు చెసేనా, ఫొర్లీ, రవెన్నా, రిమినీ ఊళ్లలో కూడా క్యాంపస్‌లున్నాయి. మీ కోర్సు ఏ ఊళ్లో జరుగుతుందో అనుమతి పత్రంలో అన్నిటికంటే ముందు చూసుకోండి. నాకు పరిచయమైన ఒక అమ్మాయి బొలోన్యాలో గదికి అడ్వాన్సు కట్టేశాక తన తరగతులు రవెన్నాలో అని తెలుసుకుంది. రోజూ రైల్లో గంటకు పైగా ప్రయాణం!

గది దొరకడం ఇక్కడ నిజంగా కష్టం. నేను మూడు చోట్ల ఉన్నాను. మొదటిది పాత నగరంలో, వెర్ది కూడలికి దగ్గరగా, ఇద్దరికి ఒక గది. ఇలాంటి పంచుకునే గదిలో మంచాన్ని ప్రకటనల్లో ‘పోస్తొ లెత్తొ’ అంటారు, ఒక్కరికే గది అయితే ‘సింగొలా’. తరగతికి నాలుగు నిమిషాల నడక అని మురిసిపోయాను. కానీ కూడలిలో అర్ధరాత్రి దాటినా సందడి తగ్గదు. నాతో ఉన్న అమ్మాయి, పక్క గదిలోని ఇద్దరూ నాలాగే పరాయి దేశాల వాళ్లే, ఇంట్లో అంతా ఇంగ్లిషే. ఇవన్నీ సర్దుకునేదాన్నేమో గానీ, ఒప్పందాన్ని పన్నుల కార్యాలయంలో నమోదు చేయడానికి ఇంటి యజమాని ఒప్పుకోలేదు. ఒప్పందం ముప్పై రోజులు మించితే నమోదు తప్పనిసరి. ఆ కాగితం లేకపోతే మీరు ఆ ఇంట్లో ఉంటున్నట్టు రుజువు లేదు, అడ్వాన్సు తిరిగి రాకపోతే అడిగే దారీ ఉండదు. మూడు వారాలకే బయటికి వచ్చేశాను.

తర్వాత రెండు వారాలు తెలుగు విద్యార్థుల ఇంట్లో తలదాచుకున్నాను. హాల్లో పరుపు వేశారు, వేడివేడి పప్పన్నం పెట్టారు, అద్దె మాట ఎత్తితే కోప్పడ్డారు. ఆ ఇంటి ఆప్యాయత నేను ఎన్నటికీ మరువను. అయితే ఆ రెండు వారాల్లో దుకాణంలో తప్ప ఎక్కడా ఇటాలియన్ మాట్లాడలేదు. మీకూ అలాంటి ఇల్లు దొరికితే ఆదివారాలు తప్పకుండా వెళ్లండి, కానీ నివాసం మరోచోట పెట్టుకోండి.

మూడోది రైల్వే స్టేషన్‌కు ఉత్తరాన ఉన్న బొలొన్యీనా పేటలో. ఇంట్లో నాతో ఇద్దరు: ఒకమ్మాయిది పూల్యా, ఇంకొకరిది కలాబ్రియా, ఇద్దరూ ఇటలీ దక్షిణాది నుంచి చదువుకోవడానికి వచ్చినవాళ్లే. తరగతికి అరగంట నడక, అయినా నా సెమిస్టర్‌ను నిలబెట్టింది ఆ వంటగదే. ఊరి నుంచి వాళ్లకు అమ్మ పంపే పార్సిల్‌ను ‘పాక్కొ ద జు’ అంటారు. ఆలివ్ నూనె, ఇంట్లో చేసిన టమాటా గుజ్జు సీసాలు, తరాల్లి అనే కరకరలాడే చిరుతిండి అందులో ఉంటాయి. మనకు ఊరి నుంచి ఆవకాయ వచ్చినట్టే. నేను ఆవకాయ సీసా తెరిచిన రోజు మా మధ్య మొహమాటం పోయింది. ఆ తర్వాత నా ప్రతి తప్పునూ వాళ్లు దిద్దేవారు, ‘సెతె’ అంటే దాహం, ‘సెత్తె’ అంటే ఏడు అని మొదలుపెట్టి.

నిజానికి మనవాళ్లకు ఈ భాష ఉచ్చారణ చాలావరకు చేతికి అందేదే. కల, కల్ల తేడా తెలిసిన చెవికి ఒత్తులు కష్టమా? చిక్కు ఇంగ్లిష్ నుంచి వస్తుంది. ఇటాలియన్‌లో ఉన్నది మన త, ద. ఇంగ్లిష్ అలవాటుతో వాటిని ట, డ చేస్తాం. నేను కొత్త మాటలన్నీ తెలుగు లిపిలో ‘తుత్తొ’, ‘దొమాని’ అని రాసుకోవడం మొదలుపెట్టాక నన్ను మళ్లీ చెప్పమనేవాళ్లు తగ్గిపోయారు. ఎక్స్ఛేంజ్ విద్యార్థులకు విశ్వవిద్యాలయ భాషా కేంద్రం స్థాయి పరీక్ష పెట్టి తరగతులు నిర్వహిస్తుంది. దరఖాస్తు గడువు తొందరగా ముగుస్తుంది, రాకముందే చూసుకోండి.

గది విషయంలో ఇంకొన్ని మాటలు. అడ్వాన్సు మూడు నెలల అద్దెకు మించకూడదని చట్టం. విద్యార్థి ఒప్పందానికి కనీస గడువు ఆరు నెలలు. ఒక్క సెమిస్టర్‌కు వచ్చేవాళ్లకు అంతకంటే తక్కువ కాలానికి తాత్కాలిక ఒప్పందం రాసుకునే వీలుంది. గది చూడకుండా డబ్బు పంపమనేవారిని నమ్మకండి, తాళాలు పోస్టులో పంపుతామన్నా సరే. మొదటి పది రోజులకు హాస్టల్‌లో మంచం తీసుకుని, కాలినడకన తిరిగి గదులు చూడటమే మేలు. అద్దెలో కరెంటు, వేడి కలిసి ఉన్నాయో లేదో కూడా అడగండి. ఇక్కడ ఇళ్లలో హీటర్లు మామూలుగా అక్టోబరు 15 నుంచి ఏప్రిల్ 15 వరకే నడుస్తాయి. ఆ తర్వాత చలి వేస్తే దుప్పటే దిక్కు, కాబట్టి స్వెటర్లు త్వరగా పెట్టెలో పెట్టేయకండి.

కాగితాల పని మొదటి వారంలోనే ముగించండి. దీర్ఘకాల వీసాతో వచ్చినవాళ్లు దిగిన ఎనిమిది పని దినాల్లోగా నివాస అనుమతికి దరఖాస్తు పెట్టాలి. విదేశీయుల దరఖాస్తులు తీసుకునే కౌంటరు ఉన్న పోస్టాఫీసులో దరఖాస్తు ఫారాలుండే పసుపు చార కవరు ఉచితంగా ఇస్తారు. నాకైన ఖర్చు ఇదీ: 16 యూరోల స్టాంపు, కౌంటరులో 30 యూరోలు, చలానాకు 70.46 యూరోలు. అక్కడ ఇచ్చే రసీదును పాస్‌పోర్టుతో సమానంగా దాచుకోండి, కార్డు రావడానికి నెలలు పట్టవచ్చు. పన్ను గుర్తింపు సంఖ్య ఉచితమే, అద్దె ఒప్పందానికి అది కావాలి. ఆ సంఖ్య మీ ఇంటిపేరు, పేరులోని అక్షరాలతో మొదలవుతుంది. మనవాళ్ల పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒకచోట పొడిగా, ఒకచోట పూర్తిగా ఉండటం మామూలే. ఇక్కడ అన్ని కాగితాల్లో పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా రాయండి. వీధి తలుపు దగ్గర గంట పక్కన కూడా అదే పేరు అంటించండి. అది లేక నాకు రావలసిన ఒక రిజిస్టర్ ఉత్తరం తిరిగి వెళ్లిపోయింది.

భోజనం. పుంతోని కూడలిలోని విద్యార్థుల మెస్సు తరగతులకు దగ్గర, ధర కూడా అందుబాటులోనే. అక్కడ వరుసలో నిలబడి అడగవలసి వస్తుంది కాబట్టి భాష కూడా వస్తుంది. శాకాహారులు ఒక్క అక్షరం గుర్తుపెట్టుకోవాలి: లోపల ఏదో ఒకటి కూరి చేసే పాస్తాల్లో తొర్తెల్లీని అంటే లోపల పంది మాంసం, తొర్తెల్లోని అంటే మామూలుగా రికొత్తా, అంటే మన పాల విరుగుడు లాంటిది. పియదీనా రొట్టెలో, క్రెషెంతీనె అనే మరో రకం రొట్టెల్లో పంది కొవ్వు వేస్తారు. ‘సెంత్స స్త్రుత్తొ’ అని అడిగితే అది లేకుండా నూనెతో చేసినది కొన్నిచోట్ల ఇస్తారు. కూరగాయలకు ఊరి మధ్యలోని ఎర్బె మార్కెట్టు అందంగా ఉంటుంది, కానీ రోజూ కొనడానికి నాకు బొలొన్యీనాలోని అల్బానీ మార్కెట్టే నచ్చింది. ఆ చుట్టుపక్కల బంగ్లాదేశ్, పాకిస్తాన్ వాళ్ల దుకాణాల్లో కందిపప్పు, పచ్చిమిర్చి దొరుకుతాయి.

తిరగడానికి కాళ్లే చాలు. విమానాశ్రయం నుంచి మోనోరైలు ఏడెనిమిది నిమిషాల్లో స్టేషన్‌కు చేరుస్తుంది, ఆ కాస్త దూరానికి టికెట్ ఖరీదే. సామాను ఉన్న రోజు తప్ప ఎక్కనక్కర్లేదు. ఊళ్లో వీధుల పక్కన పైకప్పుతో మొత్తం 62 కిలోమీటర్ల వసారాలున్నాయి, వాటిలో కొన్నిటిని 2021లో యునెస్కో గుర్తించింది. వానలో గొడుగు లేకుండా తరగతికి వెళ్లేదాన్ని. సాన్ లూకా గుడికి 666 తోరణాల కింద నుంచి ఎక్కే దారి అలసిన సాయంత్రాలకు మందు. ప్రాంతీయ రైళ్ల కాగితం టికెట్‌ను ఎక్కేముందు యంత్రంలో ముద్ర వేయించండి. సమ్మె రోజున కూడా పని దినాల్లో ఉదయం 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య కొన్ని రైళ్లు తప్పక నడుస్తాయి.

చదువుకోవడానికి నగరపాలక గ్రంథాలయం సాలాబోర్సా హాయిగా ఉంటుంది. అద్దాల నేల కింద రోమన్ కాలపు శిథిలాలు కనిపిస్తాయి. కానీ జూన్‌లో పొద్దున్నే వెళ్లకపోతే కుర్చీ దొరకదు. విశ్వవిద్యాలయ విభాగాల గ్రంథాలయాలు ఇరుకైనా, పాఠ్య పుస్తకాలు ఉండేది అక్కడే, తోటి విద్యార్థులు పలకరించేదీ అక్కడే.

ఇక అసలు సంగతి. తరగతి తొమ్మిదికి అంటే తొమ్మిదింపావుకు మొదలవుతుంది. ప్రతి సబ్జెక్టుకు తరగతికి వచ్చేవారికి, రానివారికి పుస్తకాల జాబితాలు వేరుగా ఉండవచ్చు. రానివారికి సాధారణంగా ఎక్కువ పుస్తకాలుంటాయి. మీరు ఏ జాబితాలో ఉన్నారో మొదటి వారమే తేల్చుకోండి. ప్రొఫెసర్లు విద్యార్థులను కలవడానికి కేటాయించే సమయాన్ని ‘రిచెవిమెంతొ’ అంటారు. నేను భయపడుతూ వెళ్లి, నా భాష ఇంతే అని చెప్పుకున్నాను. అప్పుడు ఆ ప్రొఫెసర్‌గారు ఏ అధ్యాయాల మీద ప్రశ్నలు లోతుగా ఉంటాయో ఓపికగా వివరించారు. ‘మీరు’ అనే అర్థంలో ‘లెయి’ వాడండి, ‘తు’ అనకండి. మీరు, నువ్వు తేడా మనకు కొత్త కాదు.

మార్కులు 30కి, 18 వస్తే గట్టెక్కినట్టు. పరీక్షకు ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి, గడువు దాటితే ఆ రోజు జాబితాలో ఉండరు. నాకు మొదటి సబ్జెక్టులో 26 వచ్చాయి. ప్రొఫెసర్‌గారు “ఒప్పుకుంటారా?” అని అడిగారు. అది మర్యాదకు అడిగే మాట కాదు, మార్కును కాదనే హక్కు విద్యార్థికి నిజంగా ఉంది. రెండోదానిలో 20 వచ్చాయి. పుస్తకం బాగా తెలుసు, మాటలే అందలేదు. వద్దన్నాను. నెల తర్వాత, జూలైలో మళ్లీ కూర్చున్నాను. ఈలోగా ప్రతి రాత్రీ పూల్యా అమ్మాయి వంటగదిలో ప్రొఫెసర్ పాత్ర వేసి నన్ను ప్రశ్నలడిగేది. ఈసారి 27. అందుకే తిరుగు టికెట్‌ను జూన్ తేదీకి కొనకండి. మీ సబ్జెక్టులకు జూలైలో చివరి పరీక్ష తేదీ చూసి, ఆ తర్వాతి వారానికి తీసుకోండి.