రోమన్ కవచంతో పదకొండేళ్ళు: ఒక క్లబ్బు సామాను గది నుంచి సమీక్ష

మొన్న సెప్టెంబరులో ఈ ఏడాది చివరి ప్రదర్శన అయిపోయి కవచం విప్పుతుంటే, కుడి భుజం మీది ఇత్తడి కీలు రెండు ముక్కలై చేతిలోకి వచ్చింది. పదకొండేళ్ళలో ఇది ఐదోసారి. ఐదుసార్లూ అదే చోట విరిగింది. భుజం రేకుల్ని ఒకదానికొకటి కలిపే, పువ్వు రెక్కల్లా అంచులు దిద్దిన చిన్న కీలు అది. రోమన్ కోటల తవ్వకాల్లో మాటిమాటికీ దొరికే కవచం ముక్కల్లో ఈ కీళ్ళు ఉంటాయి. మొదటిసారి విరిగినప్పుడు డబ్బు పోయిందని చాలా బాధపడ్డాను. తర్వాత ఒక మ్యూజియంలో, గాజు పెట్టెలో, సరిగ్గా అదే మడత దగ్గర విరిగిన ముక్క చూశాను. 1900 ఏళ్ళ కిందట ఇంకెవరో కూడా దీన్ని ఇలాగే అరచేతిలో పెట్టుకుని చూసుకుని ఉంటాడనిపించి ఒళ్ళు జలదరించింది. అప్పటి నుంచి ఈ పని నాకు వారాంతపు సరదా కాకుండా పోయింది.

మాది తెనాలి దగ్గర ఊరు. ఉద్యోగం కోసం ఇంగ్లండ్ వచ్చి చెస్టర్ పక్కన స్థిరపడ్డాను. చెస్టర్‌కి రోమన్ల కాలంలో దేవా అని పేరు. రోమన్ సైన్యంలో లెజియన్ అంటే ఒక పెద్ద దళం. ఇరవయ్యో లెజియన్, వాలేరియా విక్ట్రిక్స్, చాలాకాలం మకాం వేసింది ఇక్కడే. 2013లో ఒక చిన్న రోమన్ సైనిక రీఎనాక్ట్‌మెంట్ క్లబ్బులో చేరాను. అప్పటి సైనికుల కవాతు, ఆయుధాలు, వంట, గుడారం అన్నీ జనం ముందు చేసి చూపించే బృందం అన్నమాట. బ్రిటన్‌లో ఈ పనికి పెద్దలు ఎర్మిన్ స్ట్రీట్ గార్డ్ వాళ్ళు. 1972లో మొదలుపెట్టి ఇప్పటికీ నడుపుతున్నారు. మేం అంతటివాళ్ళం కాదు. సభ్యులు పాతికమంది, ఒక ప్రదర్శనకి కదిలేది పది పన్నెండు మంది. 2016 నుంచి సామాను గది తాళం నా దగ్గరే ఉంది. కాబట్టి నేను రాస్తున్నది క్లబ్బు కొన్న, వాడిన, పాడుచేసుకున్న, మళ్ళీ బాగుచేసుకున్న సామాను మొత్తం గురించి. కొత్తగా ఇలాంటి బృందం పెట్టాలనుకునేవాళ్ళకి పనికొస్తుందని నా ఆశ.

ముందుగా లోరికా సెగ్మెంటాటా, అంటే రేకుల కవచం. రోమన్ అనగానే జనం కళ్ళ ముందు మెదిలేది ఇదే. ఆ పేరు మాత్రం రోమన్లది కాదు, వందల ఏళ్ళ తర్వాత పండితులు పెట్టింది. 1964లో, ఉత్తర ఇంగ్లండ్‌లో రోమన్లు కట్టిన హేడ్రియన్ గోడ దగ్గర కోర్‌బ్రిడ్జ్‌లో ఒక చెక్కపెట్టె బయటపడింది. అందులో దొరికిన కవచం భాగాల్ని పట్టుకుని, టవర్ ఆఫ్ లండన్ ఆయుధశాలలో పనిచేసిన రస్సెల్ రాబిన్సన్ అది ఎలా కూర్చినదో తేల్చాడు. ఇప్పుడు క్లబ్బులన్నీ వేసుకునేవి చాలావరకు ఆ రకమే. మా దగ్గర తొమ్మిది ఉన్నాయి, ఒక్కొక్కటీ ఎనిమిది కిలోల పైమాటే. వాటిలో ఏడు ఉత్తర భారతదేశంలో తయారైనవి. రోమన్ కవచాలు మన దేశంలో చేసి యూరప్‌కి పంపుతారని నాకు ఇక్కడికి వచ్చాకే తెలిసింది. క్లబ్బులో చేరిన రోజు లోపలి పట్టీ మీద మేడ్ ఇన్ ఇండియా ముద్ర చూసి కాసేపు దాన్ని వేలితో తడుముతూ ఉండిపోయాను.

చూసేవాళ్ళకి అది ఇనుము. వాడేవాళ్ళకి అది తోలు. ప్రతి రేకునీ లోపల నిలువు పట్టీలకి రివెట్లతో బిగిస్తారు. అవే కవచాన్ని నిలబెడతాయి. రేకు ఏళ్ళ తరబడి చెక్కుచెదరదు. పట్టీ చెమటకి నాని, ఎండి, గట్టిపడి, రివెట్ రంధ్రం దగ్గర చీలిపోతుంది. ఇత్తడి తోలుకి తగిలే చోట పచ్చగా, మైనంలా చిలుము పట్టుకుంటుంది. దాన్ని చీపురుపుల్లతో గీకి తీయాలి, లోహంతో గీకితే గీతలు పడతాయి. ఒకసారి ఒక ఆన్‌లైన్ దుకాణంలో చౌకగా వస్తున్నాయని నాలుగు కవచాలు కొన్నాం. రెండు సీజన్లు తిరక్కుండానే మూడింటి పట్టీలు తెగాయి. ఒకటైతే ప్రదర్శన మధ్యలో, డాళ్ళన్నీ నెత్తిన పెట్టుకుని తాబేలు వ్యూహంలో కదులుతుండగా తెగింది. నడుం రేకులు ఒకదాని వెనక ఒకటి మోకాళ్ళ మీదికి జారాయి. విప్పి చూస్తే అది తోలే కాదు, తోలు పొడిని జిగురుతో అదిమిన అట్ట. ఎన్ని మెయిళ్ళు పెట్టినా దుకాణం నుంచి జవాబు లేదు. ఆ చలికాలం మా గరాజ్‌లో కూర్చుని, చెట్టు బెరడుతో పదును చేసిన మూడు మిల్లీమీటర్ల తోలు తెచ్చి, పాత రివెట్లు కోసేసి, మొత్తం మళ్ళీ కట్టాం. కవచానికి రెండు ఆదివారాలు పట్టింది. ఆ మూడూ ఇప్పటికి ఎనిమిదేళ్ళుగా ఆడుతున్నాయి. నాలుగోది కూడా ఆ తర్వాతి ఏడాది అలాగే మార్చాం. అందుకే కొనేటప్పుడు నేను మెరుపు చూడను, తిరగేసి లోపలి వైపు చూస్తాను. రివెట్ విప్పి మళ్ళీ కొట్టగలిగేలా ఉందా, పట్టీ మార్చగలిగేలా ఉందా అన్నదే నా ప్రశ్న.

తుప్పు సంగతి వేరే చెప్పాలి. ఇంగ్లండ్ వాన మనకి తెలిసిన వాన కాదు, గంటలకొద్దీ ముసురు. ప్రదర్శన అయిన రాత్రే తుడవకపోతే, ఎవరి చెయ్యి ఎక్కడ పడిందో తెల్లారేసరికి రేకు మీద ఎర్రటి వేలిగుర్తులుగా తేలుతుంది. మొదట్లో స్ప్రే నూనె కొట్టేవాళ్ళం, వారంలో ఆరిపోయేది. ఇప్పుడు గొర్రె ఉన్ని నుంచి తీసే లానోలిన్‌ని పల్చగా రుద్దుతున్నాం. కాస్త జిడ్డుగా ఉంటుంది, వాసన కూడా వేస్తుంది, కానీ నాలుగైదు నెలలు కాపాడుతుంది.

2020లో కోవిడ్ వచ్చి ప్రదర్శనలన్నీ ఆగిపోయినప్పుడు, ఒక పొలంలో అద్దెకి తీసుకున్న షెడ్డు తలుపు పదిహేను నెలలు తెరవలేదు. తెరిచిన రోజు నాకు నోట మాట రాలేదు. తోలు మీద తెల్లగా బూజు, హెల్మెట్ల లోపలి గుడ్డ ఎలుకలు కొరికిన పీలికలు, కవచాలు ఒకదానికొకటి తుప్పుతో అతుక్కుపోయి ఉన్నాయి. ఇంక క్లబ్బు మూసేద్దామన్న మాట కూడా వచ్చింది. ఆ వారం వాట్సాప్‌లో ఫొటోలు పెట్టి, ఆదివారం తుడవడానికి రండి అని మాత్రం రాశాను. పదకొండు మంది వచ్చారు. వాళ్ళలో ఇద్దరు మోకాళ్ళు అరిగి ప్రదర్శనలు మానేసిన పాత సభ్యులు. గడ్డి మీద పట్టాలు పరిచి, బకెట్లలో వెనిగర్ పోసి, పొద్దుగూకే దాకా రుద్దారు. క్లబ్బు నడపడం గురించి నాకు తెలిసిందంతా ఆ రోజులోనే ఉంది. అప్పటి నుంచి ప్రదర్శనలు ఉన్నా లేకపోయినా నెలకో ఆదివారం సామాను పని పెట్టుకుంటున్నాం. కవాతు చేయలేనివాళ్ళకి అక్కడ చోటుంది. కుట్టగలిగినవాళ్ళకి, వండగలిగినవాళ్ళకి చోటుంది.

గొలుసు కవచం, అంటే హమాటా, మా దగ్గర నాలుగున్నాయి. బరువు ఎక్కువ, పదకొండు కిలోల దాకా ఉంటుంది. బరువంతా భుజాల మీదే పడుతుంది కాబట్టి నడుం బెల్టు బిగించి కొంత తుంటి మీదికి దింపాలి. మరమ్మతు చాలా తక్కువ. ఇసుక పోసిన గోనెసంచిలో వేసి ఇద్దరు అటూ ఇటూ దొర్లిస్తే తుప్పు రాలిపోతుంది. ఎవరి ఒంటికైనా సరిపోతుంది. కొత్త క్లబ్బుకి నా సలహా వీటితో మొదలుపెట్టమనే. అయితే రింగులు రివెట్ చేసినవే కొనండి. కేవలం వంచి మూసిన రింగులు విచ్చుకుని గడ్డిలో రాలిపోతాయి. గొర్రెలు మేసే పొలంలో అవి పడితే ఆ రైతు మళ్ళీ మనల్ని రానివ్వడు.

డాళ్ళ గురించి ఎక్కువ చెప్పను. స్కూటమ్‌ని, అంటే రోమన్ సైనికుడి పెద్ద డాలుని, పల్చటి చెక్క పొరలు అంటించి వంచి చేస్తారు. సిరియాలోని డ్యూరా యూరోపస్‌లో దొరికిన అసలు డాలు కూడా అలా పొరలతో చేసిందే. వానలో అంచులు ఉబ్బుతాయి. తోలు తొడుగు ఉంటే ఉబ్బవు. రోమన్లు కూడా తోలు తొడుగులే వేశారు.

కాలిగే, అంటే సైనికుల చెప్పుల మీద మాత్రం నాకు చాలా ప్రేమ. చెప్పు అడుగున ఇనుప మేకులు కొట్టి ఉంటాయి. 2022లో హేడ్రియన్ గోడ కట్టడం మొదలై 1900 ఏళ్ళయిన సందర్భంగా, మేం ఆరుగురం పూర్తి సామానుతో హౌస్‌స్టెడ్స్ కోట నుంచి కార్వోరాన్ దాకా ఒక రోజంతా నడిచాం. పచ్చిక మీద, బురదలో, ఎత్తు దిగేటప్పుడు నేటి బూట్లకన్నా ఇవే గట్టిగా పట్టాయి. నున్నటి తడి రాయి మీద మాత్రం ప్రాణం మీదికొస్తుంది. క్రీ.శ. 70 నాటి జెరూసలేం ముట్టడిలో జూలియానస్ అనే సెంచూరియన్ (రోమన్ దళాధికారి) ఒంటరిగా శత్రువుల్ని తరుముకుంటూ పోయి, మేకుల చెప్పులు జారి గుడి బండల మీద పడి, వాళ్ళ చేతిలోనే చనిపోయాడని ఆ కాలపు యూదు చరిత్రకారుడు జోసెఫస్ రాశాడు. కొత్తగా చేరినవాళ్ళకి మొదటి రోజే ఈ కథ చెప్పి, తార్రోడ్డు మీద అడుగు ఎలా వెయ్యాలో నేర్పుతాను. చెక్క నేల ఉన్న హాళ్ళలోకి ఈ చెప్పులు రానివ్వరు, ముందే అడిగి తెలుసుకోండి. సాక్సులు వేసుకుంటే అసలుదనం తగ్గిపోతుందేమోనని భయపడేవాళ్ళుంటారు. ఆ గోడ పక్కనే విండోలాండాలో దొరికిన చెక్కరేకు ఉత్తరాల్లో ఒకదాంట్లో సాక్సులు, రెండు జతల చెప్పులు, రెండు లోదుస్తులు పంపిస్తున్నామని ఉంది. నిక్షేపంలా వేసుకోవచ్చు.

ఇక డబ్బు. సభ్యత్వ రుసుము బీమాకి, షెడ్డు అద్దెకి సరిపోతుంది. ప్రదర్శనలకి వచ్చేది వ్యానుకి, తోలుకి పోతుంది. మిగిలేది ఉండదు. ఒక మనిషికి తల నుంచి కాలిదాకా కొత్తగా కొనాలంటే వెయ్యి పౌండ్లు దాటుతుంది. చేరగానే అది కొనమంటే ఎవరూ చేరరు. మా తెనాలి వైపు పద్యనాటకాల వాళ్ళు కిరీటాలు, కవచాలు ట్రంకు పెట్టెల్లో అద్దెకి తెచ్చుకుని రాత్రికి రాత్రే పంచుకునేవాళ్ళు. నేను చిన్నప్పుడు చూసిన ఆ పద్ధతే ఇక్కడ పెట్టాను. క్లబ్బు సొంతంగా ఎనిమిది పూర్తి సెట్లు ఉంచుతుంది. రోమన్ సైన్యంలో ఒక గుడారంలో పడుకునేవాళ్ళూ ఎనిమిది మందే. లోపల నంబర్లు వేశాం. కొత్తవాళ్ళు రెండేళ్ళదాకా వాటితోనే ఆడతారు. ఈ పద్ధతి లేని రోజుల్లో ఏడాదికి ఒకరు చేరితే గొప్ప. ఇప్పుడు ముగ్గురు నలుగురు వస్తున్నారు, సగం మంది నిలుస్తున్నారు.

జనం నన్ను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: నీలాంటివాళ్ళు అప్పుడు ఇక్కడ ఉండేవారా అని. కొందరు అనుమానంగా అడుగుతారు, పిల్లలు కుతూహలంగా అడుగుతారు. భారతదేశం నుంచి సైనికులు వచ్చారని నేనెప్పుడూ చెప్పను. ఉన్నది చెబుతాను. హేడ్రియన్ గోడ వైపు కోటల్లో, కార్వోరాన్‌లో సిరియా విలుకాళ్ళు ఉన్నారు. బర్గ్ బై శాండ్స్‌లో ఉత్తర ఆఫ్రికా మూర్లు ఉన్నారు. సౌత్ షీల్డ్స్‌లో టైగ్రిస్ నది పడవవాళ్ళు ఉన్నారు. అదే ఊళ్ళో సిరియాలోని పల్మైరా నుంచి వచ్చిన బరాటెస్ తన భార్య రెజీనాకి సమాధి రాయి కట్టించి, చివర ఒక వాక్యం తన సొంత భాషలో చెక్కించాడు. ఆ రాయి ముందు నిలబడ్డప్పుడు, ఇంటికి ఫోన్ చేసి తెలుగులో మాట్లాడాలనిపించింది. తర్వాత నా చేతిలోని మిరియాలు చూపిస్తాను. విండోలాండా లెక్కల చిట్టాలో గాంబాక్స్ అనే అతను రెండు దెనారీలకి (రోమన్ వెండి నాణేలు) మిరియాలు కొన్నట్టు ఉంది. మిరియాలు అప్పట్లో వెళ్ళింది మన దక్షిణాది తీరం నుంచే. తిరగలిలో విసిరిన గోధుమలతో గంజి కాచి, అందులో మిరియాలు దంచి వేసి, దాని వాసన పిల్లల చేత చూపిస్తాను. కవచం కన్నా ఆ వాసన వాళ్ళకి ఎక్కువ గుర్తుంటుందని తల్లిదండ్రులు చెబుతుంటారు.

ఇంతకీ విరిగిన కీలు. నాది 4వ నంబరు కవచం, క్లబ్బుదే. వచ్చే సీజన్‌కి దాన్ని కొత్తగా చేరిన ఒక నర్సుకి ఇస్తున్నాం. ఆమె నాకన్నా పొట్టి కాబట్టి పట్టీలన్నీ మార్చి రేకులు దగ్గరికి జరపాలి. కీలు దగ్గర మాత్రం ఇంకా తేల్చుకోలేకపోతున్నాను. రోమన్లే తర్వాతి కాలంలో, స్కాట్లండ్‌లో దొరికిన న్యూస్టెడ్ రకం కవచంలో, భుజం కీలు తీసేసి నేరుగా రివెట్లు కొట్టారు. నేను కూడా అలా చేస్తే ఇంక విరగదు, కానీ అది కోర్‌బ్రిడ్జ్ కవచం కాకుండా పోతుంది. ప్రస్తుతానికి ఇత్తడి రేకు కత్తిరించి, పువ్వు అంచులు ఆకురాయితో దిద్ది, బల్ల మీద పెట్టాను. ఆదివారం ఆమె కొలతలకి వస్తుంది.