దొంగ భయమా, మంట భయమా? దుకాణానికి ఏ సేఫ్ మేలు

బేగంబజార్‌లో హోల్‌సేల్ కొట్టు, పత్తర్‌గట్టీలో ముత్యాల షాపు, అమీర్‌పేటలో చార్టర్డ్ అకౌంటెంట్ ఆఫీసు. ముగ్గురికీ సేఫ్ కావాలి. ముగ్గురూ ఒకే రకం కొంటే కనీసం ఇద్దరు నష్టపోతారు. అయినా కొనేటప్పుడు చాలామంది అడిగేవి రెండే: సైజు ఎంత, డిజిటలా కాదా. లోపల ఏం పెడతారన్నది ముందు తేల్చుకోవాలి. మిగతాదంతా దాన్నిబట్టే.

దొంగను ఆపే సేఫ్ వేరు, మంటను ఆపే సేఫ్ వేరు. మొదటి రకంలో మందపాటి స్టీలు, గోడల మధ్య గట్టి కాంక్రీటు మిశ్రమం, డ్రిల్లింగ్‌కు లొంగని ప్లేటు ఉంటాయి. మంచి మోడళ్లలో తాళాన్ని పగలగొట్టబోతే లోపల ఇంకో గొళ్లెం దానంతటదే పడిపోతుంది. రెండో రకంలో రేకు పలుచన. రెండు రేకుల మధ్య నింపిన పదార్థంలో తేమ ఉంటుంది. మంట తగిలినప్పుడు ఆ తేమ ఆవిరవుతూ లోపలికి వేడి చేరకుండా ఆపుతుంది. గునపానికీ గ్రైండర్‌కీ అది ఎక్కువసేపు నిలవదు, అందుకోసం చేసింది కాదు కూడా.

అకౌంటెంట్ ఆఫీసుకి రెండో రకమే సరైనది. అక్కడ దొంగకు పనికొచ్చేది తక్కువ, కాలిపోతే తిరిగి రానివి ఎక్కువ. అయితే ఒక విషయం గట్టిగా చెప్పాలి. కాగితాల కోసం చేసిన సేఫ్‌కి అమెరికా యూఎల్ ప్రమాణం ప్రకారం మంటల పరీక్షలో లోపలి వేడి సుమారు 177 డిగ్రీల సెల్సియస్ దాటకపోతే చాలు. కాగితం ఆ వేడిని తట్టుకుంటుంది. పెన్‌డ్రైవ్, హార్డ్‌డిస్క్ తట్టుకోవు. డేటా కోసం చేసే సేఫ్‌లలో అన్నిటికంటే కఠినమైన తరగతికి ఈ హద్దు సుమారు 52 డిగ్రీలే. బ్యాకప్ డిస్కుని ఫైళ్ల పక్కన పెట్టి నిశ్చింతగా ఉండేవాళ్లు ఈ తేడా తెలుసుకోవాలి.

బంగారం సంగతి వేరు. అది కరగాలంటే 1064 డిగ్రీలు కావాలి, కాబట్టి నగల వ్యాపారికి పెద్ద ముప్పు దొంగే. ముత్యాలు అలా కాదు. ముత్యమంటే కాల్షియం కార్బనేట్ పొరలు, వాటిని అంటిపెట్టి ఉంచే సేంద్రియ పదార్థం. వేడికి రంగు పోతుంది, పగుళ్లు వస్తాయి. చార్మినార్ చుట్టుపక్కల ముత్యాలు అమ్మేవాళ్లు రెండు పరీక్షలూ నెగ్గిన సేఫ్ కొనాలని నా గట్టి అభిప్రాయం. ఖరీదెక్కువే, కానీ వాళ్ల సరుక్కి దొంగా శత్రువే, మంటా శత్రువే. ఇంకొకటి, ఫైర్ సేఫ్ లోపల తేమ చేరుతుందని సిలికా జెల్ సంచులు వేస్తుంటారు. కాగితాలకు అది మంచిదే. ముత్యాలకు మాత్రం బాగా పొడిబారిన గాలి కూడా చేటే. వాటిని మెత్తటి గుడ్డలో చుట్టి, అప్పుడప్పుడూ బయటికి తీస్తుండాలి.

ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే చిన్న డిజిటల్ పెట్టెల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. బోల్టు వేయకపోతే దొంగ పెట్టెనే ఎత్తుకుపోతాడు. వాటిలో కొన్ని గట్టిగా కుదిపితేనే తెరుచుకుంటాయి. రోజువారీ చిల్లర ఖర్చుల డబ్బుకి పనికొస్తాయి, అంతవరకే. బీరువాలోని లాకర్‌దీ అదే కథ.

తాళం విషయంలో డిజిటల్‌ని తప్పుపట్టను. పనివాడు మానేస్తే కోడ్ మార్చితే సరిపోతుంది, తాళంచెవి అయితే దానికి నకలు ఉందేమోనని టెన్షన్. ఫ్యాక్టరీ కోడ్‌ని మాత్రం మొదటి రోజే మార్చాలి. వేలిముద్ర తాళం నగలు చేసేవాళ్లకి నేను సూచించను, పనిలో వేళ్ల గీతలు అరిగిపోతాయి. పెద్ద మొత్తాలుండే చోట తాళంచెవి ఒకరి దగ్గర, కోడ్ ఇంకొకరి దగ్గర ఉండి, రెండూ కలిస్తేనే తెరుచుకునేది మేలు.

కొన్నాక ఎక్కడ పెడతారన్నది కూడా అంతే ముఖ్యం. యూరప్ ప్రమాణం ఈఎన్ 1143-1 ప్రకారం 1000 కిలోల లోపు సేఫ్‌లకు బోల్టు బిగించే ఏర్పాటు ఉండి తీరాలి. బోల్టు టైల్స్‌తో ఆగకుండా కింది కాంక్రీటులోకి దిగాలి. ఫ్లాట్‌లో ఆఫీసు నడిపేవాళ్లు ఇంకో లెక్క చూసుకోవాలి. ఇళ్ల గదుల స్లాబుని మన ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం చదరపు మీటరుకి సుమారు 200 కిలోల బరువుకి డిజైన్ చేస్తారు. అరటన్ను సేఫ్‌ని గది మధ్యలో దింపే ముందు ఇంజనీరుని అడగండి. బరువు భయంతో సెల్లార్‌లో పెట్టించడం మాత్రం వద్దు. 2020 అక్టోబరు వానలకి హైదరాబాద్‌లో సెల్లార్లు ఎలా మునిగాయో అందరం చూశాం.

ఇంత ఖర్చెందుకు, బ్యాంక్ లాకర్ ఉందిగా అనేవాళ్లుంటారు. అసలు దస్తావేజులకి, ఏడాదికోసారి తీసే వస్తువులకి అదే మేలు. కానీ 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం అగ్నిప్రమాదం, దొంగతనం, సిబ్బంది మోసం లాంటివి జరిగితే బ్యాంకు బాధ్యత లాకర్ వార్షిక అద్దెకు 100 రెట్లు. అద్దె 5,000 రూపాయలైతే 5 లక్షలు. ప్రకృతి విపత్తులకి, బ్యాంకు నిర్లక్ష్యం లేనప్పుడు, అదీ రాదు. లాకర్‌లో నగదు పెట్టకూడదు. రోజూ కౌంటర్ మీదికి తీయాల్సిన సరుకుకి బ్యాంకు వేళలు కుదరవు.

ఇక హోల్‌సేల్ కొట్టు. అక్కడ ఉండేది ఎక్కువగా నగదు, చెక్కులు. రోజు వసూళ్లని వీలైనంత వరకు బ్యాంకులో వేసేస్తుంటే, రాత్రికి మిగిలేదానికి బోల్టు వేసిన మధ్యరకం సేఫ్ చాలు.

ఏది కొన్నా తలుపు లోపలివైపు పరీక్ష సర్టిఫికెట్ ప్లేటు ఉందో లేదో చూసి, దాని గ్రేడుని బీమా కంపెనీకి ముందే చెప్పండి. చాలా పాలసీల్లో ఒక షరతు ఉంటుంది. కొట్టు మూశాక తాళంచెవి అక్కడే వదిలేస్తే, దొంగ దాంతోనే సేఫ్ తెరిస్తే, పరిహారం రాదు. తాళంచెవిని గల్లాపెట్టెలో పెట్టి ఇంటికెళ్లే అలవాటుంటే, పాలసీ తీసుకునే రోజే మానుకోవాలి.