నాస్ బంగారం, కానీ బయట నుంచి తెరిస్తే వచ్చే ఆ సెక్యూరిటీ వార్నింగ్ సంగతేంటి?

ఈ రెండు డ్రైవ్‌ల నాస్, అంటే ఇంటి నెట్‌వర్క్‌కి తగిలించుకునే స్టోరేజ్ పెట్టె, వాడటం మొదలుపెట్టి ఎనిమిది నెలలైంది. ఇంట్లో అందరి ఫోటోలు, వీడియోలు, స్కాన్ చేసి పెట్టుకున్న కాగితాలు అన్నీ ఇందులోనే ఉన్నాయి. చప్పుడు దాదాపు ఉండదు. రెండు డిస్కుల్లోనూ ఒకే డేటా ఉండేలా మిర్రర్ పెట్టుకోవడం చాలా తేలిక, ఫోన్‌లో తీసిన ఫోటో ఇంటి వైఫై తగలగానే దానంతటదే వెళ్లి చేరిపోతుంది. మధ్యలో ఒక డిస్క్ పాడైతే తీసేసి కొత్తది పెట్టాను, ఒక్క ఫైల్ కూడా పోలేదు. ఇంట్లో వాడుకోవడానికైతే ధైర్యంగా కొనుక్కోవచ్చు.

బయట నుంచి వాడదామనుకున్నప్పుడే తలనొప్పి మొదలైంది.

మొదటిసారి ప్రయాణంలో ఉండగా ల్యాప్‌టాప్‌లో దీని అడ్రస్ కొట్టగానే "మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు" అని పేజీ వచ్చింది, ఎర్ర త్రికోణం గుర్తు, కింద సన్న అక్షరాల్లో సర్ట్ అథారిటీ ఇన్‌వాలిడ్ అని. గైడ్ తీసి చూస్తే, ఈ వార్నింగ్ రావడం మామూలే, అడ్వాన్స్‌డ్ నొక్కి ముందుకు వెళ్లిపోండి అని రాసి ఉంది. కస్టమర్ కేర్‌కి రాశాను, వాళ్లదీ అదే మాట. సరే కంపెనీ వాళ్లే చెప్పారు కదా అని నొక్కేశాను. అమ్మకి కూడా అలాగే నేర్పాను, ఎర్ర పేజీ వస్తే కింద ఇది నొక్కు, తర్వాత అది నొక్కు అని. రెండు నెలలు అలా గడిచిపోయాయి.

ఒకరోజు స్టేషన్‌లో పబ్లిక్ వైఫై మీద ఒక కాగితం కావాల్సొచ్చి నాస్ తెరిచాను. మామూలుగానే వార్నింగ్, మామూలుగానే నొక్కుడు, పాస్‌వర్డ్ కొట్టాను, కాగితం దొరికింది. రైలెక్కి కూర్చున్నాక అనిపించింది, ఇందాక నాకు వచ్చిన సర్టిఫికెట్ (అవతల ఉన్నది ఎవరో బ్రౌజర్‌కి చూపించే డిజిటల్ గుర్తింపు కార్డు) నా నాస్ ఇచ్చిందేనా, లేక ఆ వైఫైలో మధ్యలో కూర్చున్న ఎవరైనా ఇచ్చిందా? తెలుసుకునే దారే లేదు. రెండింటికీ బ్రౌజర్ చూపించేది అదే పేజీ. ఆ రాత్రి ఇంటికి చేరగానే పాస్‌వర్డ్‌లన్నీ మార్చేశాను. ఏమీ జరగలేదు, కానీ ఆ టెన్షన్ మాత్రం మర్చిపోలేను.

అసలు విషయం ఏమిటంటే, ఈ నాస్ కంపెనీ నుంచి వచ్చేటప్పుడే తన సర్టిఫికెట్ తనే రాసుకుని వస్తుంది. సెల్ఫ్ సైన్డ్ అంటారు. దానితో కూడా డేటా ఎన్‌క్రిప్ట్ అవుతుంది, అంటే దారిలో వేరేవాళ్లు చదవలేని రూపంలోకి మారుతుంది, అందులో అబద్ధం లేదు. కానీ అవతల ఉన్నది ఎవరు అన్న ప్రశ్నకి జవాబు ఉండదు, ఎందుకంటే బ్రౌజర్ నమ్మే సంస్థ ఏదీ దానికి పూచీ పడలేదు. 192.168తో మొదలయ్యే ఇంటి నెట్‌వర్క్ అడ్రస్‌కి అలాంటి సర్టిఫికెట్ ఎవరూ ఇవ్వరు కూడా, అవే అడ్రస్‌లు లెక్కలేనన్ని ఇళ్లలో ఉంటాయి కాబట్టి. అందుకే బయట నుంచి వాడాలంటే ఒక డొమైన్ పేరు కావాలి, ఆ పేరు మీద అసలైన సర్టిఫికెట్ కావాలి. డబ్బు ఖర్చయ్యే పని కూడా కాదిది, లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ 2015 చివరి నుంచి అందరికీ ఉచితంగానే ఇస్తోంది.

ఈ నాస్‌లో ఆ ఆప్షన్ ఉంది! నాలుగు మెనూల లోపల దాచిపెట్టారు, అంతే. వెతికి పట్టుకుని పేరు ఇచ్చి నొక్కితే "విఫలమైంది, నెట్‌వర్క్ సరిచూసుకోండి" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంది. రెండు సాయంత్రాలు పోయాయి దాని మీద. చివరికి తేలిందేమిటంటే, ఆ పేరు మనదేనని చూసుకోవడానికి లెట్స్ ఎన్‌క్రిప్ట్ 80వ పోర్ట్‌కి (వెబ్ పేజీల కోసం బయటివాళ్లు వచ్చే దారి) వచ్చి తలుపు తడుతుంది, మా నెట్ కనెక్షన్‌లో ఆ పోర్ట్ బయట నుంచి మూసేసి ఉంది. అలాంటప్పుడు డీఎన్ఎస్ పద్ధతి ఎంచుకోవాలి, అంటే ఇంటర్నెట్‌లో డొమైన్ పేర్ల చిట్టా అయిన డీఎన్ఎస్‌లో, మన డొమైన్ రికార్డుల్లో టీఎక్స్‌టీ రికార్డు అనే చిన్న అక్షరాల ముక్క ఒకటి పెట్టి పేరు మనదని నిరూపించుకోవడం, ఏ పోర్టూ తెరవక్కర్లేదు. అదీ ఈ నాస్‌లో ఉంది, గైడ్‌లో మాత్రం ఒక్క వాక్యం లేదు. ఇంకో మాట, సర్టిఫికెట్ తీసుకున్న ప్రతి పేరూ పబ్లిక్ లాగ్‌లలోకి ఎక్కుతుంది, ఎవరైనా వెతికి చూడొచ్చు, అందుకని డొమైన్‌లో మీ ఇంటిపేరు లాంటివి పెట్టకండి.

అయిపోయింది అనుకున్నాను. సరిగ్గా 90 రోజులకి ఫోటోల యాప్‌లో మళ్లీ అదే వార్నింగ్. అడ్మిన్ పేజీలో చూస్తే సర్టిఫికెట్ రెన్యూ అయింది, ఇంకా రెండు నెలల గడువుంది. ఫోటోల పేజీలో అడ్రస్ పక్కన ఉన్న గుర్తు నొక్కి సర్టిఫికెట్ తెరిచి చూస్తే నిన్నటితో గడువు ముగిసినట్టు ఉంది. అంటే కొత్తది వచ్చింది కానీ ఫోటోల సర్వీస్ పాతదాన్నే పట్టుకుని కూర్చుంది, రీస్టార్ట్ చేస్తే గానీ మారలేదు. ఇది కచ్చితంగా కంపెనీ సరిచేయాల్సిన లోపం. పబ్లిక్ సర్టిఫికెట్ల గరిష్ఠ గడువు 2029 మార్చికల్లా 47 రోజులకి తగ్గిపోతోంది, అప్పుడు నెలకోసారి నాస్ రీస్టార్ట్ చేస్తూ కూర్చోవాలా?

ఇప్పుడు నేనేం చేశానంటే, అడ్మిన్ పేజీని ఇంటర్నెట్‌కి కనపడకుండా పూర్తిగా మూసేసి, ఇందులోనే ఉన్న వైర్‌గార్డ్ వీపీఎన్, అంటే బయట నుంచి ఇంటి నెట్‌వర్క్‌లోకి వెళ్లే ఎన్‌క్రిప్ట్ అయిన దారి, పెట్టుకున్నాను. ఫోన్‌లో ఒక స్విచ్ వేస్తే ఇంట్లో ఉన్నట్టే. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్ లాంటిది) దెబ్బకొట్టింది ఇంటర్నెట్‌కి నేరుగా తెరిచి పెట్టిన నాస్‌లనే. ఎంత మంచి సర్టిఫికెట్ ఉన్నా ఆ దాడిని ఆపదు, కాబట్టి మీకు వీలైతే మొదటిరోజే వీపీఎన్‌కి వెళ్లండి. ఫోటోల పేజీ ఒక్కటి మాత్రం బయటికి ఉంచాను, అమ్మకి వీపీఎన్ స్విచ్ గుర్తుండదు కాబట్టి.

నాస్‌కి నాలుగు స్టార్లు. రిమోట్ యాక్సెస్‌కి విడిగా ఇవ్వమంటే రెండే. మొదటి సెటప్ పేజీలోనే సర్టిఫికెట్ గురించి అడగండి, గైడ్‌లో ఆ "ముందుకు వెళ్లిపోండి" అనే లైన్ తీసేయండి అని కంపెనీకి మళ్లీ రాశాను. జవాబు వస్తే ఇక్కడే చేరుస్తాను.

అమ్మకి నేర్పింది మాన్పించడానికి మాత్రం చాలా రోజులు పట్టింది. పోయిన వారం ఫోన్ చేసింది. "ఆ ఎర్ర పేజీ మళ్లీ వచ్చిందిరా, నేనేం నొక్కలేదు, అలాగే ఉంచాను" అంది. చూస్తే తన ఫోన్‌లో తేదీ ఎలాగో వెనక్కి వెళ్లిపోయి ఉంది, అందుకే సర్టిఫికెట్ చెల్లట్లేదు. తేదీ సరిచేయగానే ఫోటోలు వచ్చేశాయి.