మొక్కల ట్యాంకుకి గ్రావెలా, ఆక్వాసాయిలా? లైటు ఎంత ఉండాలి?

మొక్కలతో అక్వేరియం పెట్టాలనుకునేవాళ్లు ముందుగా రెండు ప్రశ్నలు అడుగుతారు. అడుగున గ్రావెల్ (చిన్న రాళ్లు) వేయాలా, ఆక్వాసాయిల్ (మొక్కల ట్యాంకు కోసం చేసిన మట్టి గుళికలు) వేయాలా అని ఒకటి, ఎన్ని వాట్ల లైటు కొనాలి అని ఇంకొకటి. నా దృష్టిలో ఈ రెండూ కలిపి తేల్చుకోవాల్సినవి. మొక్క ఎంత వేగంగా పెరగాలో లైటు నిర్ణయిస్తుంది, ఆ వేగానికి సరిపడా తిండి అడుగున ఉన్న మట్టి నుంచీ, నీళ్లలో వేసే ఎరువు నుంచీ, కార్బన్ డయాక్సైడ్ నుంచీ రావాలి. వెలుగు ఎక్కువై తిండి చాలకపోతే మొక్క పెరగడం ఆగిపోతుంది, మిగిలిన వెలుగుని నాచు వాడుకుంటుంది. అందుకే ఏదైనా కొనేముందు ఏ మొక్కలు పెంచుతారో తేల్చుకోండి.

అనూబియాస్, జావా ఫెర్న్, బూసెఫలాండ్రా లాంటివే పెంచేట్టయితే అడుగున ఏముందన్నది దాదాపు అనవసరం. వీటిని చెక్కకో రాయికో దారంతో కడతారు. ఆకులు పుట్టుకొచ్చే ఆ లావుపాటి అడ్డ కాండాన్ని మట్టిలో పాతితే కుళ్లిపోతుంది కూడా. వీటికోసం ఖరీదైన ఆక్వాసాయిల్ కొనడం దండగ.

వేళ్లతో తిండి బాగా లాక్కునేవి వేరే ఉన్నాయి: అమెజాన్ స్వోర్డ్, క్రిప్టోకోరైన్, వాలిస్నేరియా. ఇవి ఒట్టి గ్రావెల్‌లో బతుకుతాయి గానీ, ఎరువు అందకపోతే కొన్నాళ్లకి ఆకులు పాలిపోతాయి. దానికి రూట్ ట్యాబ్‌లు, అంటే వేళ్ల దగ్గర పెట్టే ఎరువు బిళ్లలు ఉన్నాయి కదా, మొక్క మొదలు దగ్గర లోతుగా గుచ్చి, రెండు మూడు నెలలకోసారి కొత్తవి పెడితే సరిపోతుంది. గ్రావెల్ 2 నుంచి 3 మిల్లీమీటర్ల సైజుది, 5 లేదా 6 సెంటీమీటర్ల మందాన వేస్తే వేళ్లు బాగా పట్టుకుంటాయి. ముతక గ్రావెల్ అయితే సన్న కాడల మొక్కలు నిలవవు, నాటిన కాసేపటికే పైకి తేలిపోతాయి. కొరిడోరాస్ లాంటి అడుగున తిరిగే చేపలు ఉంటే గ్రావెల్ కన్నా నున్నటి ఇసుక మేలు, అవి నోటితో ఇసుకని జల్లించుకుంటూ తింటాయి. ఏది కొన్నా కొద్దిగా తీసి పైన నాలుగు చుక్కలు వెనిగర్ వేసి చూడండి. బుస్సుమని నురగ వచ్చిందంటే అందులో సున్నపురాయి ఉన్నట్టే, అది నెమ్మదిగా కరిగి నీటి కాఠిన్యాన్నీ పీహెచ్‌నీ పెంచుతూ పోతుంది. కాఠిన్యం తక్కువ ఉండే నీళ్లు కోరుకునే చేపలకీ మొక్కలకీ అది పనికిరాదు.

ఇక ఆక్వాసాయిల్. బంకమట్టిని చిన్న గుళికలుగా చేసి వేడికి గట్టిపరిచింది ఇది. ఇందులో ముందే పోషకాలు ఉంటాయి, పైగా నీళ్లలో కలిసిన అమ్మోనియం, పొటాషియం, ఐరన్ లాంటివాటిని గుళిక పట్టి ఉంచి వేళ్లకి అందిస్తుంది. గ్రావెల్‌కి లేని గుణం అదే, మోంటే కార్లో లాంటి కార్పెట్ మొక్కలు (అడుగున తివాచీలా పరుచుకునేవి) సాయిల్‌లో అంత త్వరగా అల్లుకోవడానికి అదో ముఖ్య కారణం. పీహెచ్‌నీ కార్బొనేట్ కాఠిన్యాన్నీ దించుతుంది కాబట్టి ఆమ్ల గుణం ఉన్న నీళ్లు కావాల్సిన కారిడినా రొయ్యలు పెంచేవాళ్లు దీన్నే వాడతారు. కానీ మీ కుళాయి నీళ్ల కాఠిన్యం బాగా ఎక్కువైతే, నీళ్లు మార్చిన ప్రతిసారీ ఆ దించే శక్తి ఖర్చైపోతుంది, అనుకున్నదానికన్నా చాలా ముందే అయిపోతుంది. ఆర్వో నీళ్లు వాడే ఉద్దేశం లేకపోతే పీహెచ్ కోసమని మాత్రం సాయిల్ కొనకండి.

సాయిల్‌తో ఇంకో రెండు సంగతులు ముందే తెలిసి ఉండాలి. పోషకాలు దండిగా ఉన్న సాయిల్ మొదటి కొన్ని వారాలు నీళ్లలోకి అమ్మోనియా వదులుతుంది. అప్పట్లో తరచుగా నీళ్లు మారుస్తూ, టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వచ్చాకే చేపల్ని వదలాలి. ఈ ఓపిక లేనివాళ్లు దయచేసి సాయిల్ జోలికి పోవద్దు, బాధ పడేది చేపలు. రెండోది, ఇది శాశ్వతం కాదు. కొన్నేళ్లు వాడాక ఒక గుళిక తీసి వేళ్ల మధ్య నొక్కితే మెత్తగా చిదిగి బురదైపోతుంది, అందులో మొదట ఉన్న పోషకాలూ అప్పటికి చాలావరకు అయిపోయి ఉంటాయి. రూట్ ట్యాబ్‌లతో ఇంకొంత కాలం నడపొచ్చు గానీ మొక్కల్ని పీకి మళ్లీ మళ్లీ నాటే అలవాటు ఉంటే ఆ బురద పైకి లేస్తూనే ఉంటుంది. గ్రావెల్‌కి ఆ గొడవ లేదు, కడిగి ఎన్నాళ్లైనా వాడుకోవచ్చు.

మూడో దారి తోట మట్టి. రసాయన ఎరువు కలపని మట్టిని సుమారు 2.5 సెంటీమీటర్లు పరిచి, దానిమీద అంతే మందాన ఇసుక కప్పుతారు. ఖర్చు తక్కువ, మొక్కలు కూడా బ్రహ్మాండంగా వస్తాయి. కాకపోతే పెద్ద స్వోర్డ్‌ని వేళ్లతో సహా పీకారంటే కింద మట్టంతా నీళ్లలో కలుస్తుంది. ఒకసారి నాటాక కదపను అనుకునేవాళ్లకే ఇది.

లైటు విషయానికొస్తే, వాట్ల లెక్క ట్యూబ్‌లైట్ల కాలం నాటిది. అన్నే వాట్లకి ట్యూబ్‌లైటు కన్నా ఎల్‌ఈడీ ఎక్కువ వెలుగిస్తుంది, ఎల్‌ఈడీల్లో కూడా ఒకదానికీ ఇంకోదానికీ తేడా ఉంటుంది. ల్యూమెన్లు, అంటే లైటు ఇచ్చే వెలుగు కొలత చూడండి. లీటరుకి 10 నుంచి 20 ల్యూమెన్లు ఉంటే తక్కువ వెలుగు, 20 నుంచి 40 మధ్యస్థం, 40 దాటితే ఎక్కువ. 60 లీటర్ల ట్యాంకుకి 1200 ల్యూమెన్లంటే మధ్యస్థం మొదలైనట్టు. ఇది ఉజ్జాయింపు లెక్కే, ట్యాంకు లోతు పెరిగేకొద్దీ అడుగుకి చేరే వెలుగు తగ్గిపోతుంది కాబట్టి 30 సెంటీమీటర్ల ఎత్తు ట్యాంకుకి చాలే లైటు 50 సెంటీమీటర్ల ట్యాంకులో కార్పెట్ మొక్కకి చాలదు.

తెలుపు లైటా, ఆర్‌జీబీనా (ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎల్‌ఈడీలు కలిపినది) అన్నది చాలావరకు మన కంటికి సంబంధించిన విషయం. 6500 కెల్విన్ (లైటు రంగుకి కొలత) దగ్గర ఉన్న మంచి తెలుపు ఎల్‌ఈడీ కింద మొక్కలు చక్కగా పెరుగుతాయి. ఆర్‌జీబీ కింద ఎరుపు ఆకులూ చేపల రంగులూ కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, దానికోసం ఎక్కువ పెట్టడం మీ ఇష్టం. నన్నడిగితే ఆ డబ్బు వెలుగు తగ్గించి పెంచే డిమ్మర్ ఉన్న లైటుకీ టైమర్‌కీ పెట్టమంటాను. రోజూ ఒకే సమయానికి వెలిగి, 6 నుంచి 8 గంటల తర్వాత తనే ఆరిపోయే మామూలు లైటు, గుర్తొచ్చినప్పుడు వేసి పడుకునేముందు ఆపే ఖరీదైన లైటు కన్నా ఎంతో మేలు.

ఇప్పుడు జోడీలు. తక్కువ లేదా మధ్యస్థం వెలుగు, గ్రావెల్ లేదా ఇసుక, రూట్ ట్యాబ్‌లు: ఎక్కువమందికి నేను చెప్పేది ఇదే. పెరుగుదల నెమ్మది, కానీ వారం ఊరెళ్లొచ్చినా ట్యాంకు అలాగే ఉంటుంది. ఎక్కువ వెలుగు, ఆక్వాసాయిల్, సిలిండర్‌తో కార్బన్ డయాక్సైడ్: కార్పెట్టూ ఎర్రటి రొటాలా మొక్కలూ కావాలంటే ఇదే సరైన దారి, వారంవారం కత్తిరింపూ నీళ్లు మార్చడమూ తప్పవు. సాయిల్ వేసి తక్కువ వెలుగు పెట్టినా పర్వాలేదు, క్రిప్టోకోరైన్‌లు హాయిగా పెరుగుతాయి. వద్దనేది ఒక్కటే, ఒట్టి గ్రావెల్ మీద, కార్బన్ డయాక్సైడ్ లేకుండా, బాగా ఎక్కువ లైటు. అనూబియాస్ ఆకు నెమ్మదిగా పెరుగుతుంది, నెలల తరబడి అదే ఆకు ఉంటుంది, అలాంటి లైటు కింద దానిమీద గట్టి పచ్చ చుక్కలు పడతాయి, గోటితో గీకినా ఓ పట్టాన రావు.

లైటు కొన్నాక మొదటి రోజే నూరు శాతంలో పెట్టకండి. సగంలో పెట్టి ఆరు గంటలు వెలిగించండి, రెండు వారాలు చూడండి. కాడలు సన్నగా సాగి, ఆకుకీ ఆకుకీ మధ్య ఖాళీ పెరిగి, కింది ఆకులు రాలుతుంటే వెలుగు చాలట్లేదు, పది శాతం పెంచండి. అద్దం మీదా ఆకుల అంచుల మీదా నాచు కనబడితే ముందు వెలుగు తగ్గించండి. కొత్తగా నాటిన క్రిప్టోకోరైన్ ఆకులు కరిగిపోతుంటే మాత్రం లైటునీ మట్టినీ అనుమానించి టెన్షన్ పడొద్దు, చోటు మారితే అది అలాగే చేస్తుంది. వేరు గట్టిగా ఉందా లేదా చూసి, కదపకుండా వదిలేస్తే కొత్త ఆకులు అక్కడి నుంచే వస్తాయి.